ట్యాబ్లెట్ మింగడం ఎలా: అన్నవాహికలో పుండు పడకుండా

ట్యాబ్లెట్ మింగడం కూడా ఒకళ్ళు నేర్పాలా అని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి పర్లేదు. మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడే నాలాంటోళ్ళకి రోజూ కనపడేది చెప్తా. జనం ఈ మందు దేనికి అని అడుగుతారు, తిన్నాకా తినకముందా అని అడుగుతారు, పాలతో వేసుకోవచ్చా అని కూడా అడుగుతారు, ఎన్ని నీళ్ళు తాగాలి అని మాత్రం ఎవరూ అడగరు. కొందరైతే అక్కడే షీటు నొక్కి బిళ్ళ నోట్లో వేసుకుని, తల వెనక్కి వంచి, ఉమ్ముతోనే మింగేసి బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోతారు.

చాలాసార్లు ఏం కాదు. కానీ ఒక్కోసారి ఆ బిళ్ళ కడుపు దాకా వెళ్ళదు, దారిలో అన్నవాహిక గోడకి అంటుకుని అక్కడే కరుగుతుంది, మందు మొత్తం ఆ ఒక్క చోటే పడి తోలు కాలి పుండవుతుంది. మొత్తం మీద చూస్తే అరుదే, అయితే వచ్చినోళ్ళు ఉమ్ము మింగాలన్నా భయపడతారు. ఇందులో చిరాకు పుట్టించే సంగతేంటంటే ఇది చాలావరకు మందు తప్పు కాదు, డాక్టర్ తప్పూ కాదు, అరగ్లాసు నీళ్ళు, కాసేపు కూర్చోవడం, ఈ రెండూ ఉంటే అసలు రాకపోయేది.

ముందు ఇంట్లోనే ఒక పని చేసి చూడండి

ఒక క్యాప్సూల్ తీసుకోండి, డేట్ అయిపోయి పక్కన పడేసింది అయినా చాలు. బొటనవేలు, చూపుడువేలు కొంచెం తడి చేసుకుని ఆ రెండింటి మధ్య క్యాప్సూల్‌ని ఒక నిమిషం పట్టుకుని తర్వాత వదలండి. ఊడి రాదు, వేలి తోలుని పట్టుకుని లాగుతుంది, పైన కవరు మెత్తబడి జిగురుజిగురుగా అయిపోయి ఉంటుంది. అదే క్యాప్సూల్‌ని ట్యాప్ కింద పెడితే జారిపోతుంది. గొంతు కింద జరిగేది కూడా ఇదే, తడి తక్కువైతే అంటుకుంటుంది, నీళ్ళు ఎక్కువైతే జారుతుంది.

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల కండ గొట్టం, అన్నం ముద్ద వస్తే వెనక నుంచి నొక్కుతూ కిందికి తోస్తుంది. చిన్న బిళ్ళ ఒక్కటే ఒంటరిగా వస్తే ఆ తోపు సరిగ్గా అందదు. పైగా మధ్యలో ఒకచోట గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం వంపు తిరుగుతూ ఈ గొట్టాన్ని పక్క నుంచి కొంచెం నొక్కి ఉంచుతుంది, బిళ్ళలు ఎక్కువగా ఆగేది అక్కడే, అందుకే నొప్పి కూడా రొమ్ము ఎముక వెనక సరిగ్గా మధ్యలో వస్తుంది. నిద్రలో ఉమ్ము ఊరడం తగ్గుతుంది, గుటకలు వేయడం తగ్గుతుంది, పడుకున్నాం కాబట్టి బరువుకి కిందికి దిగడం కూడా ఉండదు. అంటే రాత్రి పడుకోబోతూ బిళ్ళ వేసుకున్నోళ్ళకి మూడు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి.

ఆగిందని మనకి తెలుస్తుందిలే అనుకోకండి, చాలామందికి తెలియదు. 1982లో డెన్మార్క్ డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్న మనుషులకే ఎక్స్‌రేలో కనపడే బిళ్ళలు ఇచ్చి ఎలా దిగుతున్నాయో చూశారు, కొద్ది నీళ్ళతో పడుకుని మింగితే ఆగిపోవడం ఎంత మామూలో అక్కడే తేలింది. వాళ్ళు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: కనీసం 100 మిల్లీలీటర్ల నీళ్ళు, మింగాక కనీసం 90 సెకన్లు నిలబడటం. ఇది మామూలు బిళ్ళలకి కనీస లెక్క, కింద చెప్పే ఘాటు మందులకి ఇంకా ఎక్కువ కావాలి.

మీ మందుల డబ్బాలో ఏవి జాగ్రత్త

అన్ని బిళ్ళలూ ఇలా చేయవు. పారాసిటమాల్ కాసేపు ఆగినా సాధారణంగా పెద్ద గొడవ ఉండదు. గొడవ చేసేవి కొన్నున్నాయి, డబ్బా తెచ్చుకుని ఒకసారి చూసుకోండి.

అందరికంటే ముందు పేరు డాక్సీసైక్లిన్. మొటిమలకి కాలేజీ పిల్లలకి రాసేది ఇదే, మన దగ్గర వానాకాలం, చలికాలం వినపడే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ముఖ్యమైన మందూ ఇదే, ఆఫ్రికా దేశాల్లో పనులకి వెళ్ళే మనోళ్ళకి మలేరియా రాకుండా రోజూ వేసుకోమని ఇచ్చేదాంట్లో కూడా ఇది ఉంటుంది. నీళ్ళలో కరిగితే బాగా పుల్లటి యాసిడ్ లాగా తయారవుతుంది, అందుకే అంటుకున్న చోట కాల్చేస్తుంది. ఏ జబ్బూ లేని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి కూడా ఒకట్రెండు డోసులకే వస్తుంది, అప్పటిదాకా గొంతులో ఏ ప్రాబ్లం లేకపోయినా సరే. క్లిండామైసిన్, టెట్రాసైక్లిన్ కూడా ఇదే బ్యాచ్.

తర్వాత నొప్పుల బిళ్ళలు, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్. ఐరన్ బిళ్ళలు, అంటే ఆశా వర్కర్లు గర్భిణులకి ఇచ్చే ఎర్ర బిళ్ళలు, స్కూళ్ళలో ఆడపిల్లలకి ఇచ్చే నీలం బిళ్ళలు కూడా ఇందులోకే వస్తాయి. స్కూల్లో ఇచ్చేప్పుడు పిల్లలు వరసలో నిలబడి ఒక్క గుక్కతో మింగేసి క్లాసుకి పరిగెత్తుతారు, టీచర్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి ఇంకో నాలుగు గుక్కలు తాగించి పంపండి. విటమిన్ సీ మింగే బిళ్ళలు కూడా పులుపే, చప్పరించేవైతే ఈ బాధ లేదు.

పొటాషియం క్లోరైడ్ బిళ్ళలది పాత కథ. మందు బిళ్ళ వల్ల అన్నవాహికలో పుండు అని మొదట రాసిన రిపోర్టుల్లో 1970 నాటిది పొటాషియం గురించే. గుండె వాల్వు జబ్బు ఉన్నోళ్ళకి గుండె ఎడమ పై గది పెద్దదై వెనకున్న అన్నవాహికని నొక్కుతుంది, నీరు పోయే మందుల వల్ల పొటాషియం బిళ్ళ అవసరమయ్యేది కూడా చాలాసార్లు వాళ్ళకే. అందుకే వాళ్ళకి సిరప్ మేలు, రుచి దరిద్రంగా ఉంటుంది నిజమే, నీళ్ళలో బాగా కలుపుకుని తాగాలి.

ఇక ఎముకల బలానికి వారానికి ఒకటి వేసుకునే అలెండ్రోనేట్. ఇది 1995లో అమెరికాలో మార్కెట్లోకొచ్చింది, ఏడాది తిరక్కముందే అన్నవాహిక పుండ్ల రిపోర్టులు వచ్చి, ఎలా వేసుకోవాలో గట్టిగా రాయాల్సొచ్చింది. దీని సంగతి విడిగా చెప్తా. రక్తం పలచబడటానికి ఇచ్చే డాబిగాట్రాన్ క్యాప్సూల్ లోపల కూడా పులుపు పదార్థం ఉంటుంది, ఇదీ లిస్టులోకి రాసుకోండి.

ఇప్పుడు మింగే పద్ధతి

మొదట కూర్చోండి, లేదా నిలబడండి. సోఫాలో సగం జారబడి ఫోన్ చూస్తూ కాదు, నిటారుగా. ట్రైన్ బెర్తు మీద పడుకుని బ్యాగులోంచి తీసి వేసుకోవడం అసలొద్దు, పై బెర్తులో తల ఎత్తడానికి చోటుండదు కాబట్టి కిందికి దిగి వేసుకుని కాసేపాగి ఎక్కండి.

నీళ్ళు ముందు పక్కన పెట్టుకోండి, బిళ్ళ నోట్లో వేసుకున్నాక వెతుక్కోవడం కాదు. ఎన్ని అంటే ఇంట్లో మామూలు స్టీలు గ్లాసు నిండా, అది సుమారు 200 మిల్లీలీటర్లు ఉంటుంది, లీటరు బాటిల్ అయితే పావు వంతుకి కొంచెం తక్కువ. సిరప్ మూతతో కొలిచి తాగినట్టు తాగితే అది లెక్కలోకి రాదు.

బిళ్ళ కంటే ముందు ఒక గుక్క నీళ్ళు మింగండి. చాలామంది వదిలేసే స్టెప్పు ఇదే, ఎండిపోయిన గొంతుకి బిళ్ళ తగిలితే అక్కడే పట్టుకుంటుంది, ముసలోళ్ళకి అసలే నోరు ఎండిపోతుంటుంది, బీపీకి, నిద్రకి, అలర్జీకి వాడే కొన్ని మందులు దాన్ని ఇంకా ఎండబెడతాయి. తర్వాత బిళ్ళ నాలుక మీద, మళ్ళీ ఒక పెద్ద గుక్క, మింగాక ఆగకుండా గ్లాసు ఖాళీ చేయండి. బిళ్ళ దిగిందని అనిపించాక మిగిలిన నీళ్ళు సింకులో పోయకండి, అసలు పని చేసేది ఆ మిగిలిన నీళ్ళే.

ఒకసారికి ఒకటే. మన పెద్దోళ్ళు ఆరేడు బిళ్ళలు అరచేతిలో పోసుకుని ప్రసాదం లాగా ఒకేసారి నోట్లో వేసుకుంటారు, ఒక గుక్క నీళ్ళు, అయిపోయింది. చెప్తే కోప్పడతారు, యాభై ఏళ్ళ నుంచి ఇట్టాగే వేసుకుంటున్నా అంటారు, అయినా చెప్పండి. నా మటుకు నేను ఘాటు మందుని ముందు వేయించి మిగతావి తర్వాత వేసుకోమంటా, అలా అయితే వాటికి తాగే నీళ్ళు కూడా దీని మీద పడతాయి.

చివరిది, మింగాక వంగే పనులు, పడుకోవడం వద్దు. మామూలు వాటికి రెండు నిమిషాలు నిలబడితే చాలు, పైన చెప్పిన ఘాటు మందులకి కనీసం అరగంట నిటారుగా ఉండాలి. నడవొచ్చు, టీవీ చూడొచ్చు, గిన్నెలు కడుక్కోవచ్చు, పడుకోవడం ఒక్కటే కుదరదు.

ఆఖరున రెండు ముద్దలు ఏదైనా తింటే ఇంకా మంచిది, మందు పరగడుపున వేసుకునేది కాకపోతే. డాక్సీసైక్లిన్‌ని అన్నం తిన్నాక వేసుకోవచ్చు, దానికి అడ్డం ఏంటంటే ఐరన్, క్యాల్షియం, గ్యాస్‌కి తాగే తెల్ల సిరప్పులు, వీటికీ దానికీ మధ్య రెండు మూడు గంటలు గ్యాప్ లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఐరన్ బిళ్ళని మాత్రం టీ, కాఫీతో వేసుకోకండి, వేస్ట్ అవుతుంది.

1-0-1లో ఆఖరి 1 అంటే పడుకునే ముందు అని కాదు

చీటీ మీద డాక్టర్ 1-0-1 అని రాస్తే పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని అర్థం, ఇది అందరికీ తెలుసు. కానీ ఆ రాత్రిని మనం లైటు ఆర్పే టైమ్‌గా మార్చుకున్నాం. పదకొండున్నరకి హాస్టల్ రూములో పక్క మీద కూర్చుని, మొటిమల క్యాప్సూల్ నోట్లో వేసుకుని, బాటిల్లో అడుగున మిగిలిన రెండు గుక్కలు తాగి, లేచి నీళ్ళు పట్టుకొచ్చే ఓపిక లేక దుప్పటి కప్పుకుంటాడు పిల్లాడు, తెల్లవారుజామున మూడింటికి గుండెలో ఎవరో మండుతున్న బొగ్గు పెట్టినట్టు లేస్తాడు. రూమ్మేట్లు గ్యాస్ అని ఒకడు, హార్ట్ ఎటాక్ అని ఇంకొకడు.

కాబట్టి రాత్రి డోసుని రాత్రి భోజనానికి కట్టేయండి. ఎనిమిదిన్నరకి తిని వేసుకుంటే పదిన్నరకి పడుకునేసరికి ఎప్పుడో దిగిపోయుంటుంది. డాక్సీసైక్లిన్ పన్నెండు గంటలకొకటి అన్నప్పుడు అటూ ఇటూ ఒక గంట జరిగితే ప్రమాదమేం లేదు. నిద్ర బిళ్ళలాంటివి పడుకునే ముందే వేసుకోవాలి కదా అంటే, అవును, వాటికి కూడా కూర్చుని గ్లాసు నీళ్ళతో మింగి కొన్ని నిమిషాలాగి తల వాల్చండి.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్ళకి కూడా ఇదే చిక్కు, సహరికి లేచి తిని, ఆఖరి నిమిషంలో బిళ్ళ వేసుకుని, నమాజ్ అయ్యాక మళ్ళీ పడుకుంటారు. బిళ్ళని తినే టైమ్ మొదట్లో పెట్టుకోండి, చివర్లో కాదు. ఇక దూరం బస్సుల్లో వెళ్ళే ఆడవాళ్ళ సంగతి, మధ్యలో బాత్‌రూమ్ దొరకదని పొద్దుటి నుంచి నీళ్ళే తాగరు, బిళ్ళలు మాత్రం ఉమ్ముతో మింగేస్తారు. ఆ కష్టం నాకు అర్థమవుతుంది, దానికి నా దగ్గర ఉన్న ఉపాయం ఒక్కటే, ఘాటు మందుని బయల్దేరడానికి గంట ముందు ఇంట్లోనో, లేదా దిగాకనో వేసుకోండి.

అలెండ్రోనేట్ వాడే అమ్మల కోసం

వారంలో ఒక రోజు ఫిక్స్ చేసుకోండి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. పొద్దున లేచి, పరగడుపున, ఉత్త మంచినీళ్ళు నిండు గ్లాసుతో మింగాలి, కాఫీ కాదు, పాలు కాదు, జ్యూస్ కాదు. నమలకూడదు, చప్పరించకూడదు, నోట్లోనే పుండ్లు పడతాయి. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, వేరే బిళ్ళ వేసుకోకూడదు, పడుకోకూడదు, అరగంట దాటినా ఏదో ఒకటి తినేదాకా మంచం ఎక్కొద్దు. నెలకొకటి వేసుకునే ఐబాండ్రోనేట్ అయితే అరగంట కాదు, గంట.

ఇక్కడ మన ఇళ్ళల్లో జరిగేది ఏంటంటే లేవగానే బిళ్ళ వేసుకుని, పూజ గదిలో వంగి ముగ్గు పెట్టి, ఇంకా చలిగా ఉందని మళ్ళీ దుప్పట్లోకి దూరతారు. నడుం నొప్పితో అరగంట కూర్చోలేని వాళ్ళకి, మింగడానికి ముందే ఇబ్బంది ఉన్న వాళ్ళకి ఈ బిళ్ళ సరిపడదు, డాక్టర్‌కి ఆ మాట చెప్తే ఏడాదికి ఒకసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ లాంటి వేరే దారులున్నాయి.

క్యాప్సూల్ గొంతు దిగడం లేదంటే

చిన్నప్పటి నుంచి అలవాటుగా తల వెనక్కి వేస్తాం. క్యాప్సూల్ నీళ్ళ మీద తేలుతుంది, తల వెనక్కేస్తే అది ముందుకి, పళ్ళ వైపుకి వచ్చేస్తుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు 2014లో చూపించిన పద్ధతి దీనికి సరిగ్గా ఉల్టా: క్యాప్సూల్ నాలుక మీద పెట్టి, ఒక మాదిరి గుక్క నీళ్ళు నోట్లో పట్టుకుని, గడ్డం ఛాతీకి తగిలేలా తల కిందికి వంచి, అలా వంచే మింగాలి. మొదటిసారి వింతగా ఉంటుంది, రెండోసారికి అలవాటైపోతుంది. బరువైన బిళ్ళకి వాళ్ళే ఇంకోటి చెప్పారు, మెత్తటి ప్లాస్టిక్ బాటిల్ నిండా నీళ్ళు, బిళ్ళ నాలుక మీద పెట్టి, బాటిల్ మూతికి పెదాలు గట్టిగా బిగించి, గాలి లోపలికి పోకుండా పీల్చుతూ ఒక్క ఊపులో మింగడం. పక్షవాతం వచ్చి మింగడం దెబ్బతిన్న వాళ్ళతో ఈ బాటిల్ పద్ధతి చేయించకండి.

పొడి చేసి ఇచ్చేద్దాం అనేది ఇళ్ళల్లో మామూలు. షీటు మీద పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉంటే అది రోజంతా కొంచెం కొంచెంగా వదిలేలా చేసింది, పొడి చేస్తే మొత్తం ఒకేసారి ఒంట్లోకి వస్తుంది. కడుపు దాటాక కరిగేలా పూత వేసినవి, ఆ పూత పోతే కొన్ని దారిలోనే కాలుస్తాయి. డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి పోస్తే మందు మోతాదుకి మించి రక్తంలోకి చేరి బ్లీడింగ్ అవ్వొచ్చు. ఏది పొడి చేయొచ్చో ఏది కాదో మీరు కొన్న షాపులో ఫార్మసిస్ట్‌ని అడగండి, అడిగితే ఎవరూ డబ్బులు తీసుకోరు, చాలా మందులకి సిరప్ కూడా దొరుకుతుంది.

మంచం మీద ఉన్న పెద్దోళ్ళకి వేసేప్పుడు

పడుకున్న మనిషి నోట్లో బిళ్ళ పెట్టి స్పూనుతో నీళ్ళు పోయడం ఆపేయండి. వెనక దిళ్ళు పెట్టి వీలైనంత నిటారుగా లేపి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా చూసి, ఒక్కో బిళ్ళకి మధ్య గ్యాప్ ఇచ్చి, అయ్యాక అరగంట అలాగే కూర్చోబెట్టండి. నీళ్ళు తాగుతుంటేనే దగ్గొస్తుంటే, గొంతు గరగరమంటుంటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నాయేమో అని అనుమానించాలి, అప్పుడు బిళ్ళల సంగతి పక్కనపెట్టి ముందు డాక్టర్‌కి చూపించండి. మింగాక నోరు తెరిపించి చెంప లోపల, కట్టుడు పళ్ళ కింద ఒకసారి చూడండి, బిళ్ళ అక్కడే దాక్కుని ఉండటం మామూలే.

గుండె వీక్‌గా ఉండి, లేదా డయాలసిస్ మీద ఉండి రోజుకి ఇన్ని నీళ్ళే అని లిమిట్ పెట్టిన వాళ్ళకి గ్లాసుల కొద్దీ నీళ్ళు అని నేను చెప్పలేను. వాళ్ళ రోజు కోటాలోంచే బిళ్ళలకి ముందు తీసి పక్కన పెట్టుకోవాలి, మామూలు దాహానికి తర్వాత. ఏ బిళ్ళలు ఒకే టైమ్‌కి జరపొచ్చో, ఏవి మానేయొచ్చో డాక్టర్‌తో కూర్చుని మాట్లాడితే సగం తగ్గుతాయి ఒక్కోసారి.

ఇంకో సంగతి, ఇది మా షాపులోళ్ళం కూడా వినాల్సింది. నాలుగు బిళ్ళలే కావాలంటే కత్తెరతో షీటు కట్ చేసి ఇస్తాం, ఇంటికెళ్ళాక ఇంకా ముక్కలు చేసి డబ్బాలో వేస్తారు, చూపు ఆనని పెద్దాయన రేకుతో సహా మింగేస్తాడు. ఆ రేకు మూలలు కత్తిలాగా గొట్టాన్ని కోస్తాయి, చిరిగే ప్రమాదం కూడా ఉంది, ఎండోస్కోపీ చేసి తీయాల్సిందే. జపాన్‌లో ఈ కేసులు ఎక్కువై 1996లో అక్కడి మందుల కంపెనీలన్నీ మాట్లాడుకుని ఒక్కో బిళ్ళ విడిగా చిరిగేలా షీట్లు చేయడం మానేశాయి. పెద్దోళ్ళ డబ్బాలో వేసేప్పుడు రేకు విప్పి బిళ్ళ మాత్రమే వేయండి, లేదా షీటు అసలు కట్ చేయకుండా వదిలేయండి.

ఇరుక్కుంది అనిపిస్తే వెంటనే

కూర్చోండి, ఇంకో గ్లాసు నీళ్ళు నెమ్మదిగా తాగండి. దిగినట్టు లేకపోతే బాగా పండిన అరటిపండు ముక్కో, మెత్తటి పెరుగన్నమో బాగా నమిలి మింగి, మళ్ళీ నీళ్ళు తాగండి. వేలు పెట్టి కక్కుకోవద్దు, కాలేది పైకి కూడా వస్తుంది. రేకుతో సహా మింగారని అనుమానం ఉంటే మాత్రం అన్నం ముద్దలతో నెట్టే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. ఉమ్ము కూడా దిగక నోట్లోంచి కారుతుంటే కూడా అంతే.

కొన్ని గంటల తర్వాత నొప్పి మొదలైతే

రొమ్ము మధ్యలో మంట, గుటక వేసినప్పుడల్లా నొప్పి, వేడి కాఫీ గానీ పచ్చడి కారం గానీ తగిలితే ప్రాణం పోయేంత, ముందు రోజు దాకా ఏమీ లేదు, ఇలా ఉంటే బిళ్ళ పుండుని అనుమానించొచ్చు. మామూలు గ్యాస్, ఎసిడిటీలో మంట ఉంటుంది కానీ గుటక వేస్తే ఇంత నొప్పి ఉండదు. కానీ ఛాతీ నొప్పికి చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకడం తోడైతే, లేదా వయసు, షుగర్, బీపీ ఉంటే మీరే తేల్చుకోకండి, 108కి ఫోన్ చేసి ముందు ఈసీజీ తీయించండి. బిళ్ళ పుండు రేపటిదాకా ఆగుతుంది, గుండె ఆగదు.

రక్తం కక్కినా, మలం తారులాగా నల్లగా వచ్చినా (ఐరన్ వేసుకునే వాళ్ళకి మామూలుగానే నల్లగా వస్తుంది, అది మర్చిపోకండి), ఛాతీ నొప్పితో పాటు జ్వరం, మెడ వాపు వచ్చినా ఎమర్జెన్సీనే. ఇవి చాలా అరుదు.

మిగతా వాళ్ళు అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఏ బిళ్ళ, ఎన్నింటికి వేసుకున్నారు, ఎన్ని నీళ్ళు తాగారు, ఎంతసేపటికి పడుకున్నారు, ఈ నాలుగూ మీరే చెప్పాలి, అడక్కపోయినా చెప్పాలి, ఎందుకంటే చాలాసార్లు ఈ నాలుగు మాటలతోనే జబ్బు తెలిసిపోతుంది. నొప్పి ఎక్కువగా ఉన్నా, వారం పది రోజులకి తగ్గకపోయినా ఎండోస్కోపీ చేస్తారు. సాధారణంగా ఆ మందు ఆపి, యాసిడ్ తగ్గించే బిళ్ళ, సుక్రాల్‌ఫేట్ సిరప్ ఇస్తారు, చాలామందికి వారం నుంచి కొన్ని వారాల్లో మానిపోతుంది. సుక్రాల్‌ఫేట్ మిగతా మందులని పట్టుకుంటుంది కాబట్టి ఏది ఎప్పుడో టైములు రాయించుకోండి. ఈ రోజుల్లో చల్లటి పెరుగన్నం, మజ్జిగ, జావ, ఆవకాయ జాడీ అటక మీద.

మీకు మీరే అన్ని బిళ్ళలూ ఆపేయకండి, ఇది గట్టిగా చెప్తున్నా. గుండెకి స్టెంట్ వేయించుకున్న వాళ్ళు ఆస్పిరిన్ చటుక్కున మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టొచ్చు, డాబిగాట్రాన్ కూడా అలాగే. స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్ పడకపోతే అజిత్రోమైసిన్ ఉంది, ఐరన్‌కి సిరప్పో సెలైన్‌లో ఎక్కించేదో ఉంది, అవన్నీ డాక్టర్ మార్చి రాస్తారు. అదే మందు తప్పనిసరైతే పుండు మానాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు, అప్పుడు మాత్రం పొద్దున పూట, నిండు గ్లాసుతో, నిలబడి.